రాజధాని మార్చిన సుల్తాను కేసు

ఇప్పుడు కాలేజీల్లో మిమ్మల్ని ‘గెస్ట్ ఫ్యాకల్టీ’ అంటున్నారట. ఆ మాట వినీ వినగానే మీలో చాలామంది ముఖం చిన్నబుచ్చుకోవడం నేను చూశాను. మా కాలంలో అంత మర్యాదైన మాట కూడా లేదు. ప్రొద్దుటూరులో జనం మీలాంటి వాళ్లను ‘అరపూట అయ్యవార్లు’ అనేవాళ్లు. నేను పూర్తికాలపు తెలుగు అయ్యవారిని. చేరిన కాలేజీలోనే తలనెరిసి, అక్కడే పదవీ విరమణ చేశాను. అయినా నా ఉద్యోగ జీవితంలో చెప్పుకోదగ్గ రోజు ఏదని ఎవరైనా అడిగితే, అది ముగ్గురు అరపూట అయ్యవార్ల చలవ, ఒక పొట్టేలు చలవ కూడా.

ఎవరి పేర్లూ చెప్పను. చాలామంది పోయారు, వాళ్ల మనవలు ఉన్నారు. మాటవరసకు వచ్చే ఢిల్లీ సుల్తానుకు కూడా ఇదే మర్యాద ఇస్తాను. మీకెలాగూ తెలిసిపోతుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. మా కాలేజీకి సొంత కట్టడం లేదు. ఊళ్లో ఒక పత్తి వ్యాపారి తన జిన్నింగు మిల్లు గిడ్డంగిని మాకు వదిలాడు. మధ్యలో తడికెలు కట్టి తరగతులు చేసుకున్నాం. గోడకు అవతల మిల్లు ఆడుతుండేది. అది ఆడుతున్నంతసేపూ మేం గొంతు చించుకుని పాఠం చెప్పేవాళ్లం. అది ఆగినా మా అరుపులు ఆగేవి కావు, అలవాటై పోయింది. ఇంట్లో నా భార్య ‘మెల్లగా మాట్లాడండి, నేనేం చివరి బెంచీలో కూర్చోలేదు’ అనేది. దూది పింజెలు గాలిలో తేలుతూ వచ్చి అందరి తలల మీదా వాలేవి. సాయంకాలానికి పిల్లలంతా ముసలివాళ్లలా కనబడేవాళ్లు.

ప్రిన్సిపాలు గారిది గోదావరి తీరం. ఎక్కడో గవర్నమెంటు కాలేజీలో పనిచేసి రిటైరైన మనిషిని మా కమిటీవాళ్లు బతిమాలి తెచ్చుకున్నారు. కోటు, గొడుగు, నెత్తిన టోపీ. మా ఎండలో ఆ కోటు ఎలా వేసుకునేవారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంటర్మీడియెట్ ఎలాగో నడిచింది. బి.ఏ. పెట్టాక చిక్కొచ్చింది. చరిత్రకు, ఇంగ్లీషుకు, అర్థశాస్త్రానికి ఆనర్సు చదివినవాళ్లు కావాలి. చదివినవాళ్లెవరూ దూదిలో పాఠం చెప్పడానికి రామన్నారు. అందుకని చుట్టుపక్కల ఆ చదువు చదివి వేరే పని చేసుకుంటున్న వాళ్లను వెతికారు. ముగ్గురు దొరికారు.

మొదటివారు ఊళ్లో ప్లీడరు. చరిత్రలో ఆనర్సు, ఆపైన లా. కోర్టు నుంచి నేరుగా నల్లకోటుతో తరగతికి వచ్చేవారు. పాఠం చెప్పడం ఆయనకు రాదు, కేసు నడపడం వచ్చు. రాజధానిని ఢిల్లీ నుంచి దేవగిరికి మార్చిన సుల్తాను మీద తరగతిలో కేసు పెట్టారు. సగం తరగతి ప్రాసిక్యూషను, సగం డిఫెన్సు. ఒక బెంచీని అడ్డంగా తిప్పితే అది బోను. గంట కొట్టగానే ఆయన ‘వాయిదా!’ అనేవారు, పిల్లలంతా లేచి నిలబడేవాళ్లు. ఆ కేసు వాయిదాల మీద వాయిదాలు పడి, తక్కిన సుల్తానులందరూ సిలబస్సులో అలాగే వరుసలో నిలబడి పోయారు.

రెండోవారు జమ్మలమడుగులో స్థిరపడిన రిటైర్డు తహశీల్దారు. ఇంగ్లీషు ఆనర్సు. బస్సులో వచ్చి ఇంగ్లీషు చెప్పేవారు. ఆయన చేతిలో పడ్డ పిల్లలు వానాకాలం మీద వ్యాసం రాయమన్నా, ‘పై విషయమును గూర్చి తమ సముఖమునకు మనవి చేయునదేమనగా’ అన్న ధోరణిలో ఇంగ్లీషులో మొదలుపెట్టి, ‘తమ విధేయుడు’ అని ముగించేవాళ్లు. కానీ ఒక్క అక్షరదోషం ఉండేది కాదు.

మూడో ఆయన పులివెందుల దగ్గర పల్లెలో పెద్ద రైతు. మద్రాసులో అర్థశాస్త్రం చదివి, అక్కడే ఉద్యోగంలో చేరబోతుండగా తండ్రి పోయాడు. సేద్యం చూసుకోవడానికి తిరిగి వచ్చేశాడు. వారానికి ఒక్కరోజు, గురువారం, మా దగ్గరికి వచ్చేవాడు. పెన్న దాటి రావాలి, ఏటికి నీళ్లొస్తే ఆ వారం అర్థశాస్త్రం లేదు. నా కంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి.

ఇలా నడుస్తుండగా విశ్వవిద్యాలయం నుంచి కబురొచ్చింది. బి.ఏ. తరగతులకు గుర్తింపు ఇవ్వాలా వద్దా అని చూడటానికి తనిఖీ సంఘం వస్తుందని, అధ్యాపకుల వివరాలు ముందే పంపాలని. ప్రతి మనిషికీ చదువు, బోధనానుభవం, అభిరుచులు రాయాలి. ఆ వివరాలు తెచ్చే పని నాకు పడింది.

ప్లీడరు గారు కోర్టు మెట్ల మీదే జవాబు చెప్పారు. “బోధనానుభవమా? ఇన్నేండ్లుగా జడ్జీలకు పాఠం చెప్తాండా గదప్పా. శానామంది పాసై జిల్లా కోర్టుకు పోయినారు.”

“అభిరుచులు సార్?”

“ఎదుటోడు చెప్పింది ఒప్పుకోకపోవడం. అట్లే రాసుకో.”

జమ్మలమడుగులో తహశీల్దారు గారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. “నేను పాఠాలు యాడ చెప్పినా? రిపోర్టులు రాసినా. శిస్తు జమాబందీ రిపోర్టులు, కరువు రిపోర్టులు. అభిరుచి అంటావా, అన్నం తిని ఇట్ల పండుకోని పెన్న తట్టు చూస్తాంటా. నిద్దర వచ్చేదాకా చూస్తా.”

పులివెందులకు పోతే రైతు అన్న కళ్లం దగ్గర పొట్టేలుకు ఉలవలు పెడుతున్నాడు. దాని మెడ నా నడుమంత ఉంది. కొమ్ములు రెండు చుట్లు తిరిగి ఉన్నాయి.

“మద్రాసు నుంచి వచ్చినాక ఎద్దులతో తప్ప మాట్లాడిందే లేదు అయివారూ, నాకు బోధన యాడిది? అభిరుచి మాత్రం ఉంది. ఇదో, నీ ముందరే నిలబడుకోనుంది. మూడు తాలూకాల్లో దీనికి ఎదురు నిలిచిన పొట్టేలు లేదు.”

ఉన్నదున్నట్టు రాసుకొచ్చి ఇచ్చాను. ప్రిన్సిపాలు గారు చదివి, టోపీ తీసి బల్ల మీద పెట్టారు.

“ఏవిటయ్యా ఇది? ఇలా పంపితే వాళ్లు రావడం కూడా మానేస్తారు.”

“వాళ్లు అట్లే చెప్పినారు సార్.”

“చెప్పిన మాట మార్చక్కర్లేదు. చెప్పే తీరు మార్చాలి.” కలం తీసి ఆయనే దిద్దారు. ప్లీడరు గారికి ‘న్యాయస్థానాలలో దీర్ఘకాలిక బోధన, తర్కశాస్త్రం’. తహశీల్దారు గారికి ‘ఆంగ్ల రచనలో విశేషానుభవం, ప్రకృతి పరిశీలన’. రైతుకు ‘గ్రామీణార్థిక వ్యవస్థలో ప్రత్యక్షానుభవం, పశుపోషణ’. దిద్దిన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసుకుని, “ఒక్క అబద్ధం ఉందా చెప్పు” అన్నారు. నిజమే, లేదు.

సంఘంవాళ్లు ఒక గురువారం వస్తామన్నారు. అందరం సిద్ధంగా ఉన్నాం. అయితే అంతకు చాలాముందే, ఒక సోమవారం ఉదయం తంతి వచ్చింది. సంఘం అనంతపురం పని ముగించుకుని, రేపే ప్రొద్దుటూరు వస్తున్నదని.

ప్రిన్సిపాలు గారు కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నారు. ప్లీడరు గారు ఊళ్లోనే ఉన్నారు, సరే. తహశీల్దారు గారు జమ్మలమడుగులో. రైతు ఎక్కడ? ఆయన ఆ వారం జమ్మలమడుగు తిరునాళ్లలో పొట్టేళ్ల పందేనికి వస్తున్నానని నాతో చెప్పి ఉన్నాడు. అదొక్కటే అదృష్టం. మధ్యాహ్నం బస్సులో నన్ను పంపారు. “ఇద్దర్నీ తీసుకురా. వాళ్లు లేకపోతే మనం లేం. పొద్దుటి బస్సు తప్పిపోయిందో, ఇక నువ్వు రావద్దు” అన్నారు.

తిరునాళ్ల మైదానంలో రైతును పట్టుకున్నాను. పందెం మరునాడు సాయంత్రం. సంగతి విని ఆయన చాలాసేపు పొట్టేలు వంక చూశాడు.

“వస్తా. కానీ దీన్ని ఈడ ఇడిసి రాలేను అయివారూ. ఎదుటోళ్లు దీనికి ఏం పెడ్తారో ఎవురికి తెల్సు? మొన్న ఒగని పొట్టేలుకు సారా తాగించినారు. నాతో పాటే వస్తాది. సాయంత్రానికి మళ్లా ఈడికి వచ్చేస్తాం.”

“కాలేజీకా అన్నా?”

“మేం లోపల కూచుంటాం. అది బయట ఉంటాది. దానికేం ఆనర్సు చదవల్లని లేదే.”

పొద్దున్నే బస్సెక్కాం. పొట్టేలును పైకి ఎక్కిద్దామని క్లీనరు అన్నాడు. దాని బరువుకు పైన ఉన్న తమలపాకుల బుట్టలు పచ్చడవుతాయని డ్రైవరు వద్దన్నాడు. చివరికి బస్సులోనే, వెనక సీటు ముందర నిలబెట్టారు. తహశీల్దారు గారు వచ్చి దాన్ని చూసి, మెట్టు మీదే ఆగిపోయారు.

“ఈ జంతువుతో నేను ప్రయాణం చేయడానికి వీలు లేదు.”

“సార్, పది గంటలకంతా సంఘం వచ్చేస్తాది” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, “నా ఆక్షేపణ నమోదు చేసుకో” అని నాతో అని, ఎక్కి కూర్చున్నారు. దారి పొడవునా అది ఆయన పంచె అంచు నములుతూనే వచ్చింది. ఆయన కిటికీలోంచి పొలాల వంక చూస్తూ కూర్చున్నారు. ప్రకృతి పరిశీలన అంటే ఇదేనేమో అనుకున్నాను.

మేం చేరేసరికి సంఘం కారు రానే వచ్చింది. నల్లటి కారు, కొత్తది. ముందర భాగమంతా అద్దంలా మెరిసిపోతోంది. డ్రైవరు ఇంకా గుడ్డ పెట్టి తుడుస్తూనే ఉన్నాడు. రైతు పొట్టేలును మిల్లు ఆవరణలో, బేళ్లు తూచే కాటా స్తంభానికి కట్టాడు. ముగ్గురం లోపలికి పరుగెత్తాం.

సంఘంలో ముగ్గురు. మాట్లాడేది అధ్యక్షుడొక్కరే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పుల్లటిది తిన్నట్టు ఉండే ముఖం. చరిత్ర ఆచార్యుడు. గిడ్డంగినంతా ఒక చుట్టు తిరిగి చూశారు. తడికెలు చూశారు. భుజం మీద వాలిన దూదిపింజెను రెండు వేళ్లతో తీసి నేల మీద వదిలారు. అప్పుడే మా బతుకు తేలిపోయిందని నాకు అర్థమైంది. గుర్తింపు రాకపోతే పిల్లలు ఏడాది నష్టపోయి కడపకో అనంతపురానికో పోవాలి. మగపిల్లలు ఎలాగో పోతారు. బి.ఏ.లో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. వాళ్లను ఊరు దాటించరు. అందులో ఒకమ్మాయి చీరల అంగడాయన కూతురు. వాళ్ల నాయన అంతకుముందే నాతో, “ఈడ ఉంటే చదివిస్తా అయివారూ, లేదంటే పెండ్లి చేస్తా” అని తేల్చి చెప్పేశాడు.

అధ్యక్షుడు ప్రిన్సిపాలు గారి గదిలో కూర్చుని మేం పంపిన వివరాలు ముందర పెట్టుకున్నారు. మొదట ప్లీడరు గారు.

“న్యాయస్థానాలలో బోధన అని రాశారు. ఎవరికి?”

ప్లీడరు గారు ప్రిన్సిపాలు గారి వంక చూసి, అబద్ధం చెప్పలేక, “న్యాయమూర్తులకు” అన్నారు.

అధ్యక్షుడు కాగితం మీద ఏదో గీత గీశారు. తర్వాత తహశీల్దారు గారు.

“ఆంగ్ల రచనలో విశేషానుభవం. ఏం రాశారు?”

“కరువు రిపోర్టులు సార్.”

“ఎవరు చదివారు?”

“ఎవురూ చదవలేదు సార్. అందుకే కరువు మళ్లీ మళ్లీ వచ్చేది. మళ్లీ మళ్లీ రాస్తాంటి.”

ఇంకో గీత పడింది. ప్రిన్సిపాలు గారు కిటికీ వైపు తిరిగి చెమట తుడుచుకుంటున్నారు. చివరగా రైతు.

“అభిరుచి పశుపోషణ. ఏ పశువులు?”

రైతు నోరు తెరిచాడో లేదో, బయట ఢామ్మని చప్పుడు. కిటికీ రెక్కలు అదిరాయి. మేమంతా ఉలిక్కిపడి లేచాం. రైతు మాత్రం కదల్లేదు.

“అదే సార్” అన్నాడు.

బయటికి పరుగెత్తాం. పొట్టేలు తాడు తెంపుకుంది. డ్రైవరు అంతగా మెరిపించిన కారు ముందుభాగంలో దానికి ఇంకో పొట్టేలు కనబడింది. తనంత మెడ, తనంత కొమ్ములు. మూడు తాలూకాల్లో ఎదురులేని పొట్టేలు ఊరుకుంటుందా? ఒక్క పోటు పొడిచింది. రేడియేటరు లోపలికి కుంగి, కింద నీళ్లు కారుతున్నాయి. రెండో పోటుకు వెనక్కి అడుగులు వేస్తోంది. డ్రైవరు చేతిలో గుడ్డతో కాటా మీదికి ఎక్కి నిలబడ్డాడు. రైతు పోయి దాని చెవి దగ్గర ఏదో చెప్పాడు. అది మారుమాట లేకుండా వచ్చి ఆయన పక్కన నిలబడింది.

మెకానిక్కు సాయిబును పిలిపించాం. ఆయన కారు చుట్టూ తిరిగి చూసి, వంగి చూసి, లేచి మొదట పొట్టేలును చూశాడు.

“ఎవురిది సామీ ఇది? మంచి జాన్‌దార్ మాలు.”

“కారు సంగతి చెప్పండి” అన్నారు అధ్యక్షుడు పళ్లు కొరుకుతూ.

“రేడియేటరు ఊడదీయల్ల, మాటు వేయల్ల. సాయంత్రం దాకా పడ్తాది సాబ్.”

అంతకుముందు అధ్యక్షుడు అరగంటలో పని ముగించుకుని కడపకు పోవాలనుకున్నారట. ఇప్పుడు ఎటూ పోలేరు. ప్రిన్సిపాలు గారు కుర్చీలో కూలబడి, “అయిపోయిందయ్యా. మన చరిత్ర ముగిసింది” అన్నారు నాతో.

ప్లీడరు గారు గడియారం చూసుకుని, “ముగియలేదు సార్, ఇప్పుడే నా పీరియడు” అని తరగతికి వెళ్లిపోయారు.

కాసేపటికి తడికె అవతల నుంచి అరుపులు మొదలయ్యాయి. ఆ రోజు మిల్లు ఆడటం లేదు కాబట్టి ప్రతి మాటా మాకు స్పష్టంగా వినబడుతోంది. ‘అబ్జెక్షన్!’ అని ఒకడు, ‘కూచోరా!’ అని ఒకడు. అధ్యక్షుడు కొంతసేపు కళ్లు మూసుకుని భరించారు. చరిత్ర ఆచార్యుడు కదా, సుల్తాను పేరు చెవిన పడగానే కళ్లు తెరిచారు. లేచి వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నారు. వెనకాలే మేమూ చేరాం.

ప్రాసిక్యూషను తరఫున ఒక కుర్రవాడు, సుల్తాను పిచ్చివాడనీ, అందుకే రాజధాని మార్చాడనీ గొంతు చించుకుంటున్నాడు. అధ్యక్షుడికి ఉండబట్టలేదు. లేచి నిలబడి, “అది పూర్తిగా సరికాదు. సుల్తానుకు కొన్ని కారణాలు ఉన్నాయి. కానీ ఆ పని వివేకమైనదని మాత్రం అనలేం” అన్నారు.

ప్లీడరు గారు అటు తిరిగారు. “తమరు విషయం తెలిసినవారు లాగున్నారు. సాక్ష్యం చెప్తారా?”

“నేనా?”

“అయితే బోనులోకి రావల్ల. కూచున్న చోటి నుంచి చెప్తే కోర్టు ఒప్పుకోదు.”

ప్రిన్సిపాలు గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ గోళ్ల గుర్తులు సాయంకాలం దాకా ఉన్నాయి. అధ్యక్షుడు నడిచి వెళ్లి, అడ్డం తిప్పిన బెంచీ వెనక నిలబడ్డారు. ఆ మనిషికి అలా ఎందుకు బుద్ధి పుట్టిందో నాకు తెలీదు. సుల్తాను మీద ఉన్న మోజే అయ్యుంటుంది.

డిఫెన్సు తరఫున లేచింది చీరల అంగడాయన కూతురు. మామూలుగా హాజరు పలకడానికే సిగ్గుపడే పిల్ల.

“సార్, ఆ కాలంలో మీరు ఢిల్లీలో ఉండారా?”

“లేను. ఎలా ఉంటాను?”

“అయితే మీరు చెప్పేది విన్న మాట.”

“చదివిన మాట.”

“రాసినోళ్లు విన్న మాట గదా సార్?”

తరగతి గొల్లుమంది. అధ్యక్షుడి ముఖంలో పులుపు కొంచెం తగ్గింది. “సరే, విన్న మాటే. అడుగు.”

“రాజధాని మార్చడం వివేకమైన పని కాదన్నారు. మన రాజధాని మద్రాసులో ఉండె. ఆడి నుంచి కర్నూలుకు వచ్చె. ఆడ గుడారాలు ఏసుకోని ఆఫీసులు పెట్టుకున్నాం. ఆ గుడారాలు పాతబడక ముందే మళ్లా మూటలు కట్టుకోని హైదరాబాదుకు పోతిమి. దీన్ని ఏమనల్ల సార్?”

కర్నూలు పోయిందన్న కడుపుమంట మా వైపు అప్పటికింకా పచ్చిగా ఉంది. అది అందరికీ తెలుసు, అధ్యక్షుడికీ తెలుసు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“నేను విశ్వవిద్యాలయం ఉద్యోగిని. ప్రభుత్వం చేసిన పని మీద అభిప్రాయం చెప్పకూడదు.”

“సాక్షి జవాబు దాటేసినట్టు రాసుకోండి” అన్నారు ప్లీడరు గారు, కోర్టు గుమాస్తాగా కూర్చున్న పిల్లవాడితో.

అప్పుడు అధ్యక్షుడు నవ్వారు. మొదట ముక్కుతో, తర్వాత నోటితో, చివరికి బెంచీ పట్టుకుని. ఆ నవ్వు చూసి పిల్లలూ నవ్వారు. ప్రిన్సిపాలు గారు మాత్రం నవ్వాలో వద్దో తెలియక టోపీ పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నారు. గంట కొట్టింది. ‘వాయిదా!’ అన్నారు ప్లీడరు గారు. అందరితో పాటు అధ్యక్షుడు కూడా నిటారుగా నిలబడ్డారు.

ఆ తర్వాత ఆయన్ను ఎవరూ పిలవలేదు. తనే వచ్చి తహశీల్దారు గారి ఇంగ్లీషు తరగతిలో కూర్చున్నారు. ఒక పిల్లవాడి వ్యాసం తీసుకుని చదివి, “వసంత రుతువుకు అర్జీ పెట్టుకున్నట్టు ఉంది” అన్నారు.

“అర్జీలో ఏమన్నా తప్పుందా సార్?” అన్నారు తహశీల్దారు గారు.

మళ్లీ చదివి, “లేదు” అని ఒప్పుకున్నారు.

చివరి పీరియడు రైతుది. పొట్టేలు తడికె సందులోంచి తల లోపలికి పెట్టి చూస్తోంది. కారు సంగతి మీదే మనసంతా ఉన్న పిల్లలకు గిరాకీ, ధర అంటే ఏం ఎక్కుతుంది? రైతు అది కనిపెట్టాడు.

“సరే, చెప్పండి. ఈ పొట్టేలుకు నిన్న ఒక ధర ఉండె. ఈ పొద్దు ఇది కారును ఓడించింది. ఇప్పుడు దీని ధర పెరిగిందా, తగ్గిందా?”

“పెరిగింది!” అని అరిచారంతా.

“నేను మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోను” అన్నారు వెనక నుంచి అధ్యక్షుడు.

“విన్నారు గదా? వస్తువు ఒగటే. కొనేవాడు మారితే ధర మారింది. ఇదే ఈనాటి పాఠం” అని రైతు బోర్డు వైపు తిరిగాడు.

సాయిబు కారును సిద్ధం చేసేసరికి పొద్దు వాలుతోంది. కారు ఎక్కుతూ అధ్యక్షుడు ప్రిన్సిపాలు గారిని దగ్గరికి పిలిచి, “వివరాలు మీరే రాశారా?” అని అడిగారు. ప్రిన్సిపాలు గారు నేల చూశారు. “తెలుగు చాలా బాగుంది” అని, ఆయన తలుపు వేసుకున్నారు. రైతు ఆ రోజు పందెం అందుకోలేకపోయాడు. అసలైన పందెం పగలే గెలిచిందిలే అన్నాడు.

కొన్నాళ్లకు ఉత్తరువు వచ్చింది. బి.ఏ.కి గుర్తింపు ఇచ్చారు. ప్రిన్సిపాలు గారు మిఠాయి తెప్పించి, అందరి ముందూ పైకి చదివారు. సగం చదివాక గొంతు తగ్గింది. వచ్చే ఏడాది నుంచి అరపూట అధ్యాపకులు ఉండకూడదు, వాళ్ల స్థానంలో పూర్తికాలపు వాళ్లను వేసుకోవాలి అని షరతు. తరగతులన్నీ చూసి, అంతగా నవ్వి, అధ్యక్షుడు చివరికి ఆ వాక్యం రాశాడు. అప్పుడు నాకు మండింది. తర్వాత తర్వాత ఆలోచిస్తే, ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే రాసేవాణ్ణి. కాలేజీ అన్నాక ఎన్నాళ్లని కోర్టు వాయిదాల మీద, పెన్న నీళ్ల మీద నడుస్తుంది?

ముగ్గురికీ చెప్పే పని మళ్లీ నాకే పడింది. ప్లీడరు గారు, “తీర్పు మనకు అనుకూలమే. ఖర్చులు మాత్రం మనమీదేసినారు” అన్నారు. తహశీల్దారు గారు ఉత్తరువు అడిగి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని చదివి, “బాగా రాసినాడప్పా” అని తిరిగిచ్చేశారు. ఆ తర్వాత పడక్కుర్చీలో వెనక్కి వాలి, పెన్న వైపు చూస్తూ ఉండిపోయారు.

రైతుకు బస్టాండులో చెప్పాను. పులివెందుల బస్సు అప్పటికే కదలడానికి సిద్ధంగా ఉంది. ఆయన ఎక్కకుండా నిలబడ్డాడు.

“వారమంతా ఏం మాట్లాడ్తానో తెల్సునా అయివారూ? సరిహద్దులు, ఎలక్షన్లు, ఎవుడు ఎవున్ని కొట్టినాడు. పల్లెలో ఇంకో మాట ఉండదు. ఈ ఒక్క దినమే నేనూ చదువుకున్నానని నాకు గుర్తొస్తాండె. పోనీలే, పిల్లోళ్లకు మంచి అయివారు వస్తాడు” అన్నాడు. డ్రైవరు హారను కొట్టాడు. కదులుతున్న బస్సును పట్టుకుని ఎక్కేశాడు.

ఆ ఏడాది ఆఖరి తరగతిలో ప్లీడరు గారు సుల్తాను కేసుకు తీర్పు చెప్పారు. ఇక వాయిదా వేయడానికి వీల్లేదు మరి. వినడానికి వేరే తరగతుల పిల్లలు కూడా వచ్చి కిక్కిరిసి నిలబడ్డారు. “రాజధాని మార్చినందుకు ముద్దాయి నిర్దోషి. ముసలీ ముతకా అని చూడకుండా జనాన్ని అంత దూరం నడిపించినందుకు దోషి” అన్నారు. ఆ ఏడాది చరిత్రలో మా వాళ్లు తక్కిన సుల్తానుల గురించి ఏం రాశారో గానీ, ఎవరూ తప్పలేదు. చీరల అంగడాయన కూతురు బి.ఏ. పూర్తి చేసింది. ఆ తర్వాత వాళ్ల నాయన అంగట్లో బేరాలన్నీ ఆమె చేతికి వచ్చాయని, ఆమెతో వాదించి ధర తగ్గించుకున్నవాళ్లు లేరని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

పూర్తికాలపు వాళ్లు వచ్చారు. చరిత్రకు వచ్చినాయన మంచివాడు, సుల్తానులందరినీ వరసగా ముగించాడు. అర్థశాస్త్రానికి వచ్చింది కోస్తా కుర్రవాడు. స్వర్ణపతకం, చేతిలో ఎప్పుడూ లావుపాటి పుస్తకం. అతని మాట పిల్లలకు, పిల్లల మాట అతనికి అర్థమయ్యేది కాదు. ఒకరోజు ఒక పిల్లవాడు ‘గమ్మునుండు సార్, నేను చెప్తా’ అన్నాడట. మా వైపు అది ప్రేమగా అనే మాట. అతను దాన్ని ‘నోరు మూసుకో’ అని అర్థం చేసుకుని, రాజీనామా రాసిచ్చి, ఆ వారంలోనే రైలెక్కేశాడు.

ప్రిన్సిపాలు గారు నన్ను పిలిచారు. “పులివెందుల వెళ్లి రా. ఉత్తరువుకు విరుద్ధమే. కొత్తవాళ్లు దొరికేదాకా అని చెప్పు. బలవంతం చెయ్యకు.”

నేను వెళ్లేసరికి చేలో శెనక్కాయలు పీకుతున్నారు. కూలీలతో పాటు రైతూ పంచె ఎగగట్టి, మోకాళ్ల దాకా మట్టితో ఉన్నాడు. గట్టు మీద నిలబడే సంగతి చెప్పాను. కొన్ని వారాలేనని, పని రోజులని తెలుసని, కుదరకపోతే ఏమీ అనుకోమని నసిగాను. ఆయన చేతిలోని చెట్లను దులిపి కుప్ప మీద వేసి, బావి దగ్గరికి పోయి కాళ్లూ చేతులూ కడుక్కుని, ఇంట్లోకి వెళ్లాడు. నాకు మజ్జిగ పంపిస్తాడేమో అనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు.

“ఈ పొద్దేనా అన్నా? రేపు రాకూడదా?”

“బస్సు ఉంది గదా.”

చేలకు అడ్డంపడి రోడ్డు వైపు నడుస్తున్నాం. ఆయన అడుగులు పెద్దవి, నేను పరుగెత్తాల్సి వస్తోంది.

“ఆ పిల్లోడు యాడిదాకా చెప్పినాడు?” అన్నాడు.

“మొదటి అధ్యాయం అయిపోయిందంట అన్నా. కానీ ఎవురికీ అర్థం కాలేదంట.”

ఆయన ఆగాడు. అంతసేపూ గంభీరంగా ఉన్న ముఖం చూస్తుండగానే వెలిగిపోయింది.

“అయితే మొదటి నుంచీ చెప్పాల్సిందే!” అని, దూరంగా దుమ్ము లేపుకుంటూ వస్తున్న బస్సుకు చెయ్యెత్తి, బూట్లు చేతిలో పట్టుకునే పరుగెత్తాడు.